మారక ముందు ఫొటో

ఇక మీదట ఎవరికీ హింసాత్మకమైన ఆలోచన రాదని హోం మంత్రిగారు మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ప్రకటించారు. పదకొండూ పదికి చప్పట్లు పూర్తయ్యాయి. పదకొండుంపావుకి 'తీవ్రభావ నివారణ పథకం' అమల్లోకి వచ్చిందని అన్ని పోలీస్ స్టేషన్లకూ సర్క్యులర్ వెళ్లింది. నేరం జరిగాక దొంగను పట్టుకోవడం పాత పద్ధతనీ, నేరం మనిషి బుర్రలో పుట్టకముందే పోలీసులు వెళ్లి అక్కడ కూర్చోవడం కొత్త పద్ధతనీ మంత్రిగారు వివరించారు. ఇంత ముందుచూపున్న మనిషి హోం శాఖలో ఉండటం మన అదృష్టం. అంతకుముందు ఆయన మత్స్యశాఖ చూసేవారు. చేపని కూడా గుడ్డులో ఉండగానే పట్టాలని అక్కడ అనేవారట.

ఆ సర్క్యులర్ అందుకున్న స్టేషన్లలో మన రైటర్ పనిచేసే స్టేషన్ ఒకటి. స్టేషన్లో రాతకోతలన్నీ చూసే కానిస్టేబుల్ని రైటరంటారు. ఫిర్యాదులు, పంచనామాలు, నిందితుల వాంగ్మూలాలు అన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్లాలి. ఇరవై రెండేళ్ల సర్వీసులో మన రైటర్ వెయ్యికి పైగా వాంగ్మూలాలు రాశాడు. అన్నీ 'నేను చెడు స్నేహాలకు లోనై' అనే మొదలవుతాయి. కోళ్ల దొంగైనా, బ్యాంకు మేనేజరైనా ఆయన కలం కింద ఒకే రకంగా పశ్చాత్తాపపడతారు.

సర్క్యులర్‌తో పాటు ముప్ఫై ఒక్క లక్షణాల పట్టిక వచ్చింది. మనిషి తీవ్రభావాల వైపు జారుతున్నాడని పోలీసువాడు ఎలా కనిపెట్టాలో అందులో రాసుంది. ఒంటరిగా కూర్చోవడం, హఠాత్తుగా చదవడం మొదలుపెట్టడం, చదువుతున్నది హఠాత్తుగా మానేయడం, ఎవరైనా రాగానే ఫోన్ జేబులో పెట్టుకోవడం, నిద్ర పట్టకపోవడం, ప్రభుత్వం తనకేమీ చేయలేదని పదేపదే అనడం, ఇలా సాగింది. పది దాటితే గమనించాలి, ఇరవై దాటితే పై అధికారులకు తెలపాలి. ఎస్సై గారు వయసులో చిన్న, ఉత్సాహంలో పెద్ద. ప్రాక్టీసు కోసం ముందు తనకే మార్కులు వేసుకున్నారు. పందొమ్మిది వచ్చాయి. హెడ్ కానిస్టేబుల్‌కి ఇరవై నాలుగు. బదిలీ కోసం మూడేళ్లుగా అర్జీలు పెడుతున్న లేడీ కానిస్టేబుల్‌కి ఇరవై తొమ్మిది. మిగతా రెండూ గడ్డానికి సంబంధించినవి కావడంతో ఆమె అక్కడ ఆగింది. సాయంత్రానికల్లా స్టేషన్ మొత్తం ప్రమాదకరమైన ముఠా అని తేలిపోయేసరికి, ఎస్సై గారు పట్టికను బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తాళం స్టేషన్ ఎదురుగా కొట్టున్న తాళాలాయన చేసింది. ఆ వీధిలో ప్రతి ఇంటి తాళమూ ఆయన చేసిందో, బాగుచేసిందో అయివుంటుంది. లాకప్ తాళం కూడా ఆయనదే.

తర్వాతి వారం హెడ్డాఫీసులో రెండు రోజుల శిక్షణ పెట్టారు. మిగతావాళ్లంతా ముందే సెలవు పెట్టేయడంతో రైటర్ వెళ్లాడు. మొదటిరోజు ఒక పెద్దావిడ మాట్లాడింది. బాంబులు పెట్టినవాళ్లతో, పెట్టబోయి దొరికినవాళ్లతో జైళ్లలో ఇరవై ఏళ్లు కూర్చుని మాట్లాడిన మనిషట. ఆవిడ తెర మీద బొమ్మలేవీ వేయలేదు.

"నాలుగే మెట్లు," అంది. "మొదట మనిషికి నన్నెవరూ లెక్కచేయరనిపిస్తుంది. రెండోది, ఎవరో ఒకడొచ్చి కుర్చీ వేసి కూర్చోబెడతాడు. మూడోది, నలుగురూ చప్పట్లు కొడతారు. నాలుగోది, అదిగో ఫలానావాడు నీ శత్రువని వేలు పెట్టి చూపిస్తారు. ఐదో మెట్టంటూ లేదు, అక్కడినుంచి కిందికే. వాళ్లకంటే ముందు మనం కుర్చీ వేయాలి. అంతే మన పని."

ఆ కుర్చీ ప్లాస్టిక్‌దా, చెక్కదా అని ఒక ఇన్‌స్పెక్టర్ అడిగారు. ఏ స్టోర్స్ నుంచి తెప్పించాలని ఇంకొకరు అడిగారు. ఆవిడ మంచినీళ్లు తాగి కూర్చుంది. రెండోరోజు ఆవిడ రాలేదు. ఆవిడకు బదులు ఒక పెద్ద అధికారి తెర మీద పిరమిడ్ బొమ్మ చూపించి, ప్రమాదమంతా పిరమిడ్ అడుగునుంచే పైకి వస్తుంది కాబట్టి అడుగునున్న వాళ్లందరి మీదా కన్నేసి ఉంచాలని చెప్పారు. రైటర్ రెండు రోజులవీ అక్షరం పొల్లుపోకుండా నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఎవరేం చెప్పినా రాసుకోవడం ఆయనకు చేతి అలవాటైపోయింది.

మూడు నెలలయ్యాక కంప్యూటర్లో రిపోర్టు పంపాల్సిన రోజొచ్చింది. 'ఈ త్రైమాసికంలో మార్చిన తీవ్రభావుల సంఖ్య' అన్న గడిలో రైటర్ సున్నా కొట్టాడు. తెర ఎర్రబడింది. 'సున్నా చెల్లదు. మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది. మళ్లీ సున్నా కొట్టాడు, మళ్లీ అదే వచ్చింది. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే ఆపరేటరమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"సున్నా ఎలా తీసుకుంటుందండీ? సున్నా అంటే పథకం అక్కర్లేదని అర్థమొస్తుంది. ఒకటి పెట్టండి. అందరూ ఒకటే పెట్టారు."

రైటర్ ఒకటి కొట్టాడు. తెర పచ్చబడి, కింద ఇంకో పద్నాలుగు గడులు తెరుచుకున్నాయి. ఆ ఒక్కడి వయసు, ఎత్తు, గుర్తులు, వెనకటి చరిత్ర, ఎలా మారాడు, మారక ముందు ఫొటో, మారిన తర్వాత ఫొటో. చరిత్ర రాయడం రైటర్‌కి పెద్ద పని కాదు. 'చెడు స్నేహాలకు లోనై' అని మొదలుపెట్టి పావుగంటలో పేజీన్నర నింపేశాడు. ఎత్తు దగ్గర చేయి ఆగింది. సరిగ్గా అప్పుడే బావమరిది మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని స్టేషన్లోకి వచ్చాడు.

ఈ బావమరిదికి ముప్ఫై నాలుగేళ్లు. అక్కాబావల దగ్గరే ఉంటాడు. కోపమన్నది ఒంట్లో లేకుండా పుట్టాడు. సినిమాహాల్లో టికెట్లు చింపే పనిలో పెడితే, టికెట్ లేనివాళ్ల మొహాలు చూసి జాలిపడి లోపలికి పంపేశాడు. బట్టల షాపులో కాపలాకి పెడితే, మూటతో బయటికొస్తున్న దొంగకి రెండు చేతులూ ఖాళీ లేవని తలుపు తీసి పట్టుకున్నాడు. చివరికి ఊళ్లో సభలకూ ఫంక్షన్లకూ కుర్చీలు వేయడం, అయ్యాక మడిచి వ్యాన్లోకి ఎత్తడం అతని పనైంది. తిన్నావా అని ఎవరైనా అడిగితే తిని వస్తాడు, మరిచిపోతే నవ్వుకుంటూ ఇంటికొస్తాడు. మిగతా రోజంతా తాళాలాయన కొట్లో కూర్చుని, ఎవరూ వచ్చి తీసుకెళ్లని తాళంచెవుల్ని సైజు ప్రకారం మేకులకు తగిలిస్తుంటాడు. ఊళ్లో అందరూ అతన్ని 'ఇదిగో' అని పిలుస్తారు. ఇదిగో, ఆ కుర్చీ ఇటు వెయ్యి. ఇదిగో, కాస్త పక్కకి జరుగు. అసలు పేరు అక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

రైటర్ అతన్ని గోడకి ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచాడు. ఐదడుగుల ఆరంగుళాలు. గడి నిండింది. ఎత్తు ఇతనిదైనప్పుడు ఫొటో మాత్రం ఇంకొకడిది ఎందుకని ఎస్సై గారికి తోచింది.

మర్నాడు బావమరిదిని ఫొటో కోసం తీసుకెళ్తుంటే రైటర్ భార్య గుమ్మం దాకా వచ్చింది. తల్లి పోయినప్పుడు తమ్ముడికి ఆరేళ్లు. అప్పటినుంచి ఆవిడే పెంచింది. ఏదో ప్రభుత్వం ఫొటో, గంటలో వచ్చేస్తామని రైటర్ నచ్చజెప్పాడు.

"పోలీసు ఫొటోలు నాకు తెలీవూ?" అందావిడ. "సరే, తీసుకెళ్లండి. కానీ నా తమ్ముణ్ని ఎలా తీసుకెళ్తున్నారో, అలాగే తెచ్చి నాకు అప్పజెప్పాలి."

అలాగేనని రైటర్ మాటిచ్చాడు. ఆవిడ తమ్ముడి గళ్ల చొక్కా సవరించింది. అందులో పైనుంచి రెండో గుండీ ఎర్రది. తెల్లది దొరక్క ఆవిడే కుట్టింది.

డిపార్ట్‌మెంట్ ఫొటోగ్రాఫర్ యాక్సిడెంట్లు, శవాలు తీయడంలో చేయి తిరిగిన మనిషి. 'మారిన తర్వాత' ఫొటో ఒక్క దెబ్బకి వచ్చింది. ఇదిగో మామూలుగా నవ్వాడు, ఫొటోగ్రాఫర్ నొక్కాడు, అయిపోయింది. 'మారక ముందు' ఫొటోకి మాత్రం మూడు గంటలు పట్టింది. కోపంగా చూడమంటే, ఎవరి మీదని అడిగాడు. నీకు అన్యాయం చేసినవాణ్ని తలుచుకోమన్నారు. చాలాసేపు తలుచుకుని, చిన్నప్పుడు తన పలక పగలగొట్టిన పిల్లవాడు గుర్తొచ్చాడని, వాడికి ఇప్పుడు మోకాళ్ల నొప్పులని, పాపమని అన్నాడు. ఎస్సై గారు గొంతు చించుకుని తిట్టారు. అతను వెళ్లి ఎస్సై గారికి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆఖరికి ఎస్సై గారు బూటుకాలితో అతని కాలు గట్టిగా తొక్కారు.

"సారీ సార్," అన్నాడు ఇదిగో. "చూసుకోకుండా మీ బూటు కింద కాలు పెట్టాను."

ఫొటోగ్రాఫర్‌కి పాతికేళ్లలో ఇలాంటి గిరాకీ తగల్లేదు. శవమైనా కాస్త సీరియస్‌గా ఉంటుందని విసుక్కున్నాడు. చివరికి అతను తుమ్మబోతుండగా నొక్కి, ఇదే పంపుకోండని వెళ్లిపోయాడు.

ఫైలు వెళ్లింది. వారంలో హెడ్డాఫీసునుంచి మొదటి అభ్యంతరం వచ్చింది. 'కేసు మొత్తం బాగున్నది. మారక ముందు ఫొటోలోని వ్యక్తి తుమ్మబోతున్నట్టు ఉన్నాడు. నమ్మదగిన ఫొటో పంపవలెను.' కుంకుడురసం కంట్లో పోసి ఇంకోటి తీసి పంపారు. 'వ్యక్తి ఏడుస్తున్నట్టు ఉన్నాడు, జాలి కలుగుతున్నది' అని రెండో అభ్యంతరం వచ్చింది. ఆ గడి అలాగే ఉండిపోయింది.

అయినా, మిగతా స్టేషన్లన్నీ 'ఒకటి' అన్న అంకె దగ్గరే ఆగిపోగా, అంకెకి మనిషిని కూడా చూపించింది మన స్టేషనొక్కటే. అందువల్ల మంత్రిగారు స్వయంగా వచ్చి సన్మానం చేస్తామన్నారు. సభ రోజు పొద్దున్నే ఇదిగో అలవాటు ప్రకారం వెళ్లి మూడువందల కుర్చీలు వేశాడు. తర్వాత మైకులో అతని అసలు పేరుకి 'గారు' తగిలించి వేదిక మీదికి పిలిచారు. ఆ గారు ఎవరోనని అతను కూడా వెనక్కి తిరిగి చూశాడు. మంత్రిగారు చేయి పట్టుకుని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ముప్ఫై నాలుగేళ్లలో సభలో అతను కుర్చీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చునేముందు అలవాటుకొద్దీ దాన్ని తుడిచాడు.

మాట్లాడమని మైకు ముందు నిలబెడితే, రైటర్ రాసిచ్చిన నాలుగు వాక్యాలూ మరిచిపోయాడు. "నేనసలు ఏమీ చేయలేదండీ," అన్నాడు. ఇన్ని ఘోరాలు చేసి కూడా ఎంత వినయమని జనం ఊగిపోయారు. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చేదారిలో ఇదిగో బావ పక్కనే నడిచాడు. మలుపు తిరిగాక ఆగి, "బావా, ఆ చప్పట్లు నాకే కదా?" అని అడిగాడు. నీకేరా అన్నాడు రైటర్. ఆ మొహంలో అంత వెలుగు ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయనకు సంతోషమే వేసింది. ఆ సంతోషం ఆయన చేసిన రెండో తప్పు.

తర్వాత ఇదిగోకి తీరిక లేకుండా పోయింది. హింస వదిలిన మహానుభావుడు వచ్చి మాట్లాడాలని స్కూళ్లు, కాలేజీలు, రోటరీ క్లబ్బులు ఎగబడ్డాయి. మొదట్లో రైటర్ రాసినట్టే, చెడు ఆలోచనలు వచ్చేవని చెప్పేవాడు. ఆలోచనలకి చప్పట్లు పలచగా పడ్డాయి. రెండో వారం పథకాలు వేశాననేసరికి కాస్త చిక్కబడ్డాయి. నెల తిరిగేసరికి వంతెన పేల్చాడు. ఏ వంతెనో చెప్పలేదు కాబట్టి రోడ్ల శాఖవాళ్లు తమ వంతెనలన్నీ లెక్క చూసుకుని, అన్నీ ఉన్నాయని తేలాక కూడా రెండింటికి రిపేరు బోర్డులు పెట్టారు. మహిళా మండలి సభలో ఒకావిడ ఆటోగ్రాఫ్ తీసుకుంటూ, మీరు చంపినవాళ్లు ఎంతమందండీ అని భక్తిగా అడిగింది. లెక్కపెట్టుకోలేదమ్మా అన్నాడట. ఇప్పుడతన్ని ఇదిగో అని పిలిచేవాళ్లు లేరు. తాళాలాయన ఒక్కడు పాత అలవాటుకొద్దీ పిలిచి, నాలుక కరుచుకున్నాడు.

ఎన్నికలు దగ్గరపడుతుండగా మంత్రిగారు మరో చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. హింసను అరికట్టడానికి పోలీసులు చాలరనీ, ప్రజలే కదలాలనీ చెప్పి, పార్టీ కుర్రాళ్లతో 'శాంతి దళం' పెట్టారు. హింస లోతుపాతులు తెలిసినవాడే శాంతిని కాపాడగలడు కాబట్టి దానికి బావమరిదిని కన్వీనర్ని చేశారు. ఆఫీసూ, కుర్చీ, ఆ కుర్చీ తుడవడానికి ఒక మనిషీ వచ్చారు. మంత్రిగారి పీఏ రోజూ సాయంత్రం వచ్చి అతనితో గంటసేపు మాట్లాడి వెళ్లేవాడు. ఊళ్లో శాంతి ఎవరివల్ల చెడుతోందో ఆ గంటలో చెప్పేవాడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర బావమరిది ఉన్నట్టుండి అన్నాడు. "బావా, తాళాలాయన మన ఊరివాడు కాదట."

"ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు కదరా."

"అదే నేననేది. ముప్ఫై ఏళ్లుగా మన ఊరివాడు కాదు. మన ఇళ్ల తాళాలన్నీ అతని చేతిలో ఉన్నాయి. ఎప్పుడైనా ఆలోచించావా?"

అక్క వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది. రైటర్ కంచం ముందునుంచి లేచాడు. చేయి కడుక్కుని, శిక్షణలో రాసుకున్న నోట్‌బుక్కు వెతికి తీశాడు. కుర్చీ వేశారు. చప్పట్లు కొట్టారు. వేలు పెట్టి చూపించారు. పెద్దావిడ చెప్పిన మెట్లన్నీ వరసగా, ప్రభుత్వ లాంఛనాలతో జరిగిపోయాయి. తన చేతి రాతే తనని వెక్కిరిస్తున్నట్టుంటే ఆయనకి సిగ్గేసింది, భయం కూడా వేసింది.

ముందు ఎస్సై గారి దగ్గరికి వెళ్లి ఒప్పేసుకున్నాడు. అలాంటి తీవ్రభావి ఎవడూ లేడు, నేనే కల్పించి రాశాను, కేసు రద్దుచేయండి అన్నాడు. ఎస్సై గారు ఓపిగ్గా విన్నారు. "ఫైలుందా?" అని అడిగారు. ఉందన్నాడు రైటర్. "ఫైలున్నాక మనిషి లేడంటే ఎలాగండీ రైటర్ గారూ?" అని టోపీ పెట్టుకుని రౌండ్స్‌కి వెళ్లిపోయారు. హెడ్డాఫీసుకి వెళ్తే, పిరమిడ్ చూపించిన అధికారే దొరికారు. రైటర్ చెప్పిందంతా వింటూ ఆయన పక్కనే ఉన్న ముప్ఫై ఒక్క లక్షణాల పట్టికలో టిక్కులు పెడుతూ పోయారు. నిద్ర పట్టడం లేదన్నారు కదా? ప్రభుత్వ పథకం మీద నమ్మకం పోయిందన్నారు కదా? ఇరవై ఆరు వచ్చాయి. ఈ త్రైమాసికానికి మీ స్టేషన్‌కి ఒక కేసు తక్కువుంది, మీకేమీ అభ్యంతరం లేకపోతే అని ఆయన మర్యాదగా మొదలుపెట్టేసరికి, రైటర్ గొడుగు కూడా అక్కడే వదిలేసి బయటపడ్డాడు.

ఇక మిగిలింది బావమరిదే. శాంతి దళం ఆఫీసుకి వెళ్లి, కుర్చీ తుడిచే మనిషిని బయటికి పంపి, రైటర్ తలుపు వేశాడు.

"ఒరేయ్, ఆ కథంతా నేను కల్పించి రాసింది. కంప్యూటర్ సున్నా తీసుకోకపోతే ఒకటి కొట్టాను. నువ్వెవర్నీ ఏమీ చేయలేదురా. ఇంటికెళ్దాం పద."

బావమరిది కుర్చీ చేతుల్ని రెండు వైపులా పట్టుకున్నాడు. "అబద్ధమని ఎవరితోనూ అనకు బావా," అన్నాడు నెమ్మదిగా. "అది తీసేస్తే నేను మళ్లీ కుర్చీలు మడవాలి."

రైటర్ ఒక అడుగు ముందుకేశాడు. అతన్ని పేరు పెట్టి పిలుద్దామనుకున్నాడు గాని, నోటికి అలవాటైన ఇదిగో అన్న మాటే వచ్చింది. బావమరిది మొహం గంటుపెట్టుకుని లేచి తలుపు తీశాడు.

శుక్రవారం మధ్యాహ్నం శాంతి ర్యాలీ బయల్దేరింది. శాంతికి కర్రలెందుకని విలేకరి అడిగితే, జెండాలకని పీఏ చెప్పాడు. ర్యాలీకి ఎవరివల్లా హాని జరగకుండా చూడమని స్టేషన్‌కి ఆర్డర్లున్నాయి కాబట్టి, పోలీసులు జనానికి అడ్డం రాకుండా గోడవారగా నిలబడ్డారు. వీధి మలుపు తిరిగేసరికి జెండాలు జారిపోయాయి, కర్రలు మిగిలాయి. రైటర్ స్టేషన్ మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. ముందు నడుస్తున్న మనిషి గళ్ల చొక్కా గుర్తుపట్టాడు. పరిగెత్తాడు కూడా. గుంపు మధ్యలోకి దూరేలోగా తాళాలాయన కొట్టు ముందు అద్దం పగిలింది, లోపల మేకులు కొట్టిన పలక ఊడి వీధిలో పడింది, సైజు ప్రకారం తగిలించిన తాళంచెవులన్నీ కాలవలోకి చెదిరాయి. పావుగంటలో శాంతి అవతలి వీధిలోకి వెళ్లిపోయింది.

తాళాలాయన తలకి నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రినుంచి నేరుగా స్టేషన్‌కి వచ్చి, రైటర్ ఎదుట కూర్చున్నాడు. ఫిర్యాదు రాయడానికి రైటర్ కలం తీశాడు. ఎవరు కొట్టారని అడగడం ఆయన డ్యూటీ. అడిగాడు.

"కళ్లలోకి రక్తం కారింది, సరిగ్గా చూళ్లేదండీ," అన్నాడు తాళాలాయన. "మన ఇదిగో ఆ సమయానికి లేడు. ఉంటే అడ్డం పడేవాడు."

రైటర్ ఆ మాట కూడా అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

మర్నాడు పొద్దున పేపర్లో రంగుల ఫొటో వచ్చింది. కర్ర ఎత్తి, నోరు తెరిచి, నరాలు ఉబ్బిన మెడతో ఒక మనిషి. భార్య దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేమిటండీ?" అంది. "ఎవడో మా తమ్ముడి చొక్కా వేసుకున్నాడు."

ఎర్ర గుండీ మీద వేలు పెట్టి చూపించింది. తమ్ముడు రెండు రోజులుగా ఇంటికి రావడం లేదు. దళం ఆఫీసులోనే ఉంటున్నాడు.

స్టేషన్‌కి వెళ్లేసరికి హెడ్డాఫీసునుంచి మూడో అభ్యంతరం వచ్చివుంది. 'మారక ముందు ఫొటో వెంటనే పంపవలెను. లేనిచో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' రైటర్ పొద్దుటి పేపర్ తెరిచాడు. తర్వాత కత్తెర తీసి, పేపర్లోని ఫొటోని నాలుగు వైపులా శుభ్రంగా కత్తిరించి, ఫైలు కాగితం మీద ఆ గడిలో అంటించి పంపాడు. ఇది చూశాకైనా వాళ్లకి అర్థమవుతుందని, ఎవరైనా ఫోన్ చేసి ఇదేమిటని అడుగుతారని ఆయన ఆశ.

సాయంత్రమే జవాబు వచ్చింది. 'ఫొటో అత్యంత సంతృప్తికరంగా ఉన్నది. ఇంతటి కర్కశుడిని ఇంతటి సౌమ్యుడిగా మార్చిన మీ స్టేషన్ ప్రథమ స్థానంలో నిలిచినది. కేసు ముగించడమైనది.' వారం తిరక్కుండా, రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టిన పెద్ద ఫ్రేము, మంత్రిగారి సంతకంతో వచ్చింది. ఎడమవైపు కర్ర ఎత్తిన మనిషి, కుడివైపు నవ్వుతున్న మనిషి, ఇద్దరికీ అదే గళ్ల చొక్కా. ఎస్సై గారు దాన్ని రైటర్ బల్ల వెనకే గోడకి కొట్టించారు.

క్యారేజీ తెచ్చే మనిషి లేక ఆ మధ్యాహ్నం రైటర్ భార్యే స్టేషన్‌కి వచ్చింది. క్యారేజీ బల్ల మీద పెట్టి, తలెత్తి ఫ్రేము చూసింది. ఎడమవైపు ఫొటో దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత కుడివైపు ఫొటో మీది దుమ్ము అరచేత్తో తుడిచింది.

"వీణ్ని ఇంటికెప్పుడు పంపిస్తారు?" అని అడిగింది.

రైటర్ తల తిప్పుకుని కంప్యూటర్ వైపు చూశాడు. కొత్త త్రైమాసికం ఫారం తెరిచివుంది. మార్చిన తీవ్రభావుల సంఖ్య అన్న గడిలో ఆయన సున్నా కొట్టాడు. సున్నా చెల్లదు, మళ్లీ ప్రయత్నించండి అంది తెర. ఆయన మళ్లీ సున్నా కొట్టాడు.